ఆకురాయి కన్నా ముందు లెక్క

రేసింగ్ టూ-స్ట్రోక్ ఇంజన్ల చుట్టూ తిరిగేవాళ్లకు ఒక మాట బాగా పరిచయం. "ఆయన చేతిలో ఏదో ఉందండీ. సిలిండర్ ఇచ్చి వస్తే చాలు, ఆకురాయి పట్టి ఏదో చేస్తాడు, బండి ఎగిరిపోతుంది." గౌరవంతోనే అంటారు ఆ మాట. ఆ చేతులకు గౌరవం దక్కాల్సిందే. లోహం లోపల, కంటికి సరిగా ఆనని మూలలో, మిల్లీమీటరులో పదో వంతు కూడా తేడా రాకుండా అరగదీయడం మామూలు పని కాదు. అయినా ఆ మాటతో నాకు పేచీ ఉంది. ట్యూనింగ్ అంటే చేతి మహిమ అన్న నమ్మకం ఈ ఇంజన్‌కు చేసినంత చెరుపు పోటీల నిబంధనలు కూడా చేయలేదని నేను అనుకుంటాను.

టూ-స్ట్రోక్‌లో గెలుపోటములు తేల్చేది కాలం. సెకనులో వెయ్యో వంతుల్లో నడిచే కాలం. దాన్ని చేత్తో తడిమి తెలుసుకోలేం, చెవితో విని తెలుసుకోగలిగేది కొంతే. లెక్క వేయాలి, కొలవాలి, వచ్చిన కొలత లెక్కతో ఎందుకు కలవలేదో వెతకాలి. ఈ ఇంజన్‌ను ముందుకు నడిపినవాళ్లంతా చేసిన పని ఇదే.

కాలం ఎంత ఇరుకుగా ఉంటుందో ముందు చూద్దాం. 125 సీసీ ఇంజన్ 12,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర తిరుగుతోందనుకోండి. సెకనుకు 200 చుట్లు, చుట్టుకు 5 మిల్లీసెకన్లు. ఫోర్-స్ట్రోక్‌కు ఒక ఆవృత్తి పూర్తి చేయడానికి రెండు చుట్లు దొరుకుతాయి. పొగ తోసేయడానికి ఒక స్ట్రోక్, గాలి పీల్చుకోవడానికి ఇంకో స్ట్రోక్ విడివిడిగా ఉంటాయి. టూ-స్ట్రోక్‌కు ఆ వెసులుబాటు లేదు. కాలిన గ్యాస్ బయటికి పోవడం, కొత్త మిశ్రమం లోపలికి రావడం రెండూ పిస్టన్ కింది వైపు ఉన్న కాసేపట్లోనే, దాదాపు ఒకదాని మీద ఒకటిగా జరగాలి. పిస్టన్ కింది గది అయిన క్రాంక్‌కేస్ నుంచి కొత్త మిశ్రమం సిలిండర్‌లోకి వచ్చే కిటికీలు ట్రాన్స్‌ఫర్ పోర్టులు. అవి 130 డిగ్రీల పాటు తెరిచి ఉంటాయనుకుంటే వాటికి చిక్కే సమయం 1.8 మిల్లీసెకన్లు. సిలిండర్ మొత్తం అందులోనే నిండాలి.

ఇంతకన్నా ఇరుకైనది ఇంకొకటి ఉంది. కాలిన గ్యాస్ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్ట్ తెరుచుకున్నాక ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకునే దాకా ఉండే చిన్న వ్యవధి. దీన్ని బ్లోడౌన్ అంటారు. పిస్టన్ పై అంచు నుంచి దిగేటప్పుడు ఎగ్జాస్ట్ 82 డిగ్రీల దగ్గర, ట్రాన్స్‌ఫర్లు 115 డిగ్రీల దగ్గర తెరుచుకుంటే మధ్యలో మిగిలేది 33 డిగ్రీలు. 12,000 దగ్గర అది 0.46 మిల్లీసెకన్లు. సిలిండర్‌లో మండిన గ్యాస్ పీడనం ఆ లోపే క్రాంక్‌కేస్‌లోని పీడనం దగ్గరికి పడిపోవాలి. పడలేదా, ట్రాన్స్‌ఫర్లు తెరుచుకోగానే కొత్త మిశ్రమం పైకి రావడం మాట అటుంచి, కాలిన వేడి గ్యాసే కిందికి, ట్రాన్స్‌ఫర్ దారుల్లోకి దూరుతుంది. అది ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ పైకి వచ్చాకే అసలు నింపుడు మొదలవుతుంది. ఉన్నదే 1.8 మిల్లీసెకన్లు. అందులో ఒక ముక్క ఈ వెనకడుగుకే పోతుంది.

9,000 దగ్గర పీక్ ఇచ్చే ఇంజన్‌ను 12,000కు ఎత్తాలని ఒకరు అనుకున్నారు. అవే 33 డిగ్రీలకు 9,000 దగ్గర 0.61 మిల్లీసెకన్లు దొరికేవి. 12,000కు వచ్చేసరికి అందులో పావు వంతు పోయింది. పోయిన సమయాన్ని వైశాల్యంతో పూడ్చాలి. పోర్ట్ ఎంత వైశాల్యంతో ఎంతసేపు తెరిచి ఉందో కలిపి చూసి, సిలిండర్ పరిమాణంతో భాగిస్తే వచ్చే సంఖ్యను టైమ్-ఏరియా అంటారు. ఎగ్జాస్ట్‌కు, బ్లోడౌన్‌కు, ట్రాన్స్‌ఫర్‌కు, ఇన్‌టేక్‌కు వేరువేరుగా ఈ సంఖ్యలు వేసుకుంటే ఈ ఇంజన్ ఏ ఆర్‌పీఎం దగ్గర, దేని వల్ల ఊపిరాడక ఆగిపోతుందో కాగితం మీదే కనిపిస్తుంది. నేను చూసిన చాలా సిలిండర్లలో ఆగింది బ్లోడౌన్ దగ్గరే. గ్రైండర్ పడింది మాత్రం ట్రాన్స్‌ఫర్ల మీద.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ గ్యాస్కెట్‌ది. పై ఆర్‌పీఎంలో పవర్ కావాలంటే సిలిండర్ కింద మందపాటి గ్యాస్కెట్ వేసి ఎత్తేయడం చాలామందికి తెలిసిన చిట్కా. సిలిండర్ ఎత్తితే పోర్టులన్నీ ముందుగా తెరుచుకుంటాయి, అన్నిటి వ్యవధీ పెరుగుతుంది, కాబట్టి పై ఆర్‌పీఎంలో పవర్ వస్తుంది అన్నది వాదన. లెక్క వేసి చూద్దాం. 54.5 మి.మీ. స్ట్రోక్, 110 మి.మీ. కనెక్టింగ్ రాడ్. 82 డిగ్రీల దగ్గర పిస్టన్ వేగంగా దిగుతూ ఉంటుంది, ఒక డిగ్రీకి 0.49 మి.మీ. జరుగుతుంది. 115 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించి ఉంటుంది, డిగ్రీకి 0.385 మి.మీ. మాత్రమే. అంటే సిలిండర్‌ను 1 మి.మీ. ఎత్తితే ఎగ్జాస్ట్ సుమారు 2 డిగ్రీలు ముందుకు వస్తుంది, ట్రాన్స్‌ఫర్ సుమారు 2.6 డిగ్రీలు ముందుకు వస్తుంది. రెంటి మధ్య దూరం పెరగలేదు, అర డిగ్రీ పైగా తగ్గింది. పై ఆర్‌పీఎంలో దేనికి కరువుందో దాన్నే ఇంకా కోసేశాం. పైగా ఎగ్జాస్ట్ ముందుగా తెరుచుకోవడం వల్ల కింది ఆర్‌పీఎంలో లాగుడు కూడా పోయింది. గ్యాస్కెట్ వేశాక బండి శబ్దం మారుతుంది, ఇంజన్ గొంతు చించుకుంటుంది, నడిపేవాడికి వేగం పెరిగినట్టే అనిపిస్తుంది. ల్యాప్ టైమ్ మాత్రం ఒప్పుకోదు.

మరి ఏం చేయాలి? ట్రాన్స్‌ఫర్ల ఎత్తు ముట్టుకోకుండా ఎగ్జాస్ట్‌ను పెంచడం ఒక దారి. ఎత్తు పెంచితే పవర్ స్ట్రోక్ పొట్టిదవుతుంది కాబట్టి వీలైనంత వరకు వెడల్పు పెంచడం ఇంకా మంచి దారి. వెడల్పుకూ హద్దు ఉంది. ఒకే పోర్ట్‌ను బోర్‌లో (సిలిండర్ లోపలి వ్యాసంలో) 70 శాతం దాటించి వెడల్పు చేస్తే రింగ్ పోర్ట్‌లోకి ఉబ్బి, అంచుకు తగిలి విరుగుతుంది. అందుకే గ్రాండ్ ప్రి 125 ఇంజన్లు నడుమ ఒక పెద్ద ఎగ్జాస్ట్ పోర్ట్, రెండు పక్కలా చిన్న సహాయక పోర్టులు అన్న అమరికకు వచ్చాయి. ఆ పక్క పోర్టుల పని ప్రధానంగా బ్లోడౌన్‌లోనే. తెరుచుకున్న తొలి క్షణాల్లోనే పెద్ద వైశాల్యం ఇచ్చి పీడనాన్ని దింపేస్తాయి. ఇవి ఎందుకున్నాయో తెలియకుండా చూసినవాళ్లకు అలంకారంలా కనిపిస్తాయి. లెక్క తెలిసినవాళ్లకు, వాటి పై అంచును అర మిల్లీమీటరు కదిలించడం ఎంత ఖరీదైన నిర్ణయమో అర్థమవుతుంది.

ఇక పైపు. బయటివాళ్లకు ఆ బొద్దు పొట్ట ఎక్స్‌పాన్షన్ చాంబర్ శబ్దం చేసే గొట్టం. ఈ ఇంజన్ ప్రేమికులకు అది ఇంజన్‌లో సగం. ఎగ్జాస్ట్ తెరుచుకున్న క్షణాన బలమైన పీడన తరంగం ఒకటి పైపులోకి బయలుదేరుతుంది. పైపు విచ్చుకునే కోన్ దగ్గర దానిలో కొంత భాగం చూషణ తరంగంగా మారి వెనక్కి వస్తుంది. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు అది సిలిండర్‌కు చేరి కొత్త మిశ్రమాన్ని లాగుతుంది. ఎంత లాగుతుందంటే కొంత మిశ్రమం పైపులోకే పొర్లిపోతుంది. తరవాత వెనక ముడుచుకునే కోన్ నుంచి తిరిగొచ్చే ఒత్తిడి తరంగం, ఎగ్జాస్ట్ మూసుకునే ముందు, ఆ పొర్లిన మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి కుక్కుతుంది. ఉయ్యాల వెనక్కి వచ్చి ఆగిన క్షణంలో తోస్తేనే పైకి వెళ్తుంది, ముందో వెనకో తోస్తే కుదుపే మిగులుతుంది. పైపు పొడవు లెక్క కూడా అంతే.

ఎగ్జాస్ట్ 196 డిగ్రీలు తెరిచి ఉంటే 12,000 దగ్గర అది 2.72 మిల్లీసెకన్లు. వేడి గ్యాస్‌లో ధ్వని వేగం సగటున సెకనుకు 520 మీటర్లు అనుకుందాం. ఆ సమయంలో తరంగం దాదాపు 1,416 మి.మీ. ప్రయాణిస్తుంది. వెళ్లి రావాలి కాబట్టి అందులో సగం, సుమారు 710 మి.మీ. పిస్టన్ ముఖం నుంచి వెనక కోన్ నడుమ దాకా ఉండాల్సిన దూరం ఇది. అదే పోర్టులతో 9,000కు పైపు కట్టాలంటే 940 మి.మీ. పైన పడుతుంది. ఇది తొలి అంచనాయే. కోన్ల కోణాలు, పొట్ట వ్యాసం, చివరి సన్న గొట్టం రంధ్రం ఇవన్నీ తరవాత తేల్చుకోవాలి. కానీ ఈ తొలి అంచనా వేసుకోకుండా ఇంకో బండి పైపు తెచ్చి తగిలించి, పనిచేయలేదని కార్బురేటర్ జెట్లు మారుస్తూ కూర్చునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ శ్రమలో పదో వంతు కాగితం మీద పెట్టుంటే సరిపోయేది.

పైపు విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి వేడిది. ధ్వని వేగం గ్యాస్ ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది, పరమ ఉష్ణోగ్రత వర్గమూలానికి అనులోమంగా పెరుగుతుంది. పైపులో గ్యాస్ సగటు వేడి 500 డిగ్రీల సెల్సియస్ నుంచి 600కు పెరిగితే ధ్వని వేగం సుమారు 6 శాతం పెరుగుతుంది. లోహం ఒక్క మిల్లీమీటరు కూడా కోయకుండానే 12,000కు కట్టిన పైపు 12,700 దాకా పనిచేస్తుంది. దీన్ని వాడుకోవడానికే రేసింగ్ ఇంజన్లలో పై ఆర్‌పీఎంకు వెళ్లేకొద్దీ స్పార్క్‌ను ఆలస్యం చేస్తారు. నడిమి ఆర్‌పీఎంలో పిస్టన్ పైకి చేరడానికి 28, 30 డిగ్రీల ముందే పడే స్పార్క్ చివరికి 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. మంట ఆలస్యంగా ముగుస్తుంది, ఎక్కువ వేడి పైపులోకి పోతుంది, పైపు పొట్టిదైనట్టు ప్రవర్తిస్తుంది. కార్బురేటర్‌లో అదనంగా పెట్రోల్ ఇచ్చే పవర్‌జెట్‌ను పై ఆర్‌పీఎంలో మూసేసి మిశ్రమాన్ని పలచన చేయడం వెనక ఉన్న కారణాల్లోనూ ఇదొకటి. ఇగ్నిషన్ టైమింగ్ ఎంత ముందుకు తోస్తే అంత పవర్ అనే పాత నమ్మకం ఇక్కడే బోల్తా పడుతుంది.

ఇదంతా పుస్తకాల తెలివి, పాతకాలం మహామహులు ఇవేవీ లేకుండానే గెలిచారు కదా అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాటకు వాల్టర్ కాడెన్ జీవితమే జవాబు. తూర్పు జర్మనీలోని చోపావ్‌లో, ఎమ్‌జెడ్ కంపెనీ రేసింగ్ విభాగంలో, డబ్బూ మంచి లోహాలూ కరువైన రోజుల్లో ఆయన పనిచేశాడు. క్రాంక్‌తో పాటు తిరుగుతూ మిశ్రమం లోపలికొచ్చే దారిని తెరిచి మూసే రోటరీ డిస్క్ వాల్వ్‌నూ ఎక్స్‌పాన్షన్ చాంబర్‌నూ జోడించి, 1961 నాటికి 125 సీసీ ఇంజన్ నుంచి 10,800 ఆర్‌పీఎం దగ్గర 25 హార్స్‌పవర్ రాబట్టాడు. లీటరుకు 200 హార్స్‌పవర్. సూపర్‌చార్జర్ లేకుండా అంతకుముందు ఎవరూ అక్కడికి చేరలేదు. ఆయన దగ్గర కంప్యూటర్ లేదు, నిజమే. పైపులో తరంగాలు ఎలా ఉన్నాయో చూడటానికి ఆసిలోస్కోప్ పెట్టాడు. కంటికి కనబడని దాన్ని తెర మీద గీతగా మార్చి చూసుకుంటూ పైపు ఆకారం దిద్దాడు. కాడెన్‌ను చేతి మహిమ గల మనిషిగా చెప్పేవాళ్లు ఆయన గొప్పతనాన్ని తక్కువ చేస్తున్నారు.

ఆ కథలో రెండో సగం అందరికీ తెలిసిందే. 1961 సెప్టెంబరులో స్వీడన్‌లోని క్రిస్టియన్‌స్టాడ్ రేసు తరవాత ఎమ్‌జెడ్ రైడర్ ఎర్న్స్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయాడు. ఎమ్‌జెడ్ సంగతులు ఆయనతో పాటే సుజుకీకి చేరాయి. మరుసటి ఏడాదే, 1962లో, సుజుకీ మీద ఆయన 50 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. దీన్ని దొంగతనం కథగా చెప్పుకుని వదిలేస్తారు. తరవాత జరిగింది నాకు ఎక్కువ ఆసక్తి. అందిన రహస్యంతో సుజుకీ ఆగిపోలేదు. 1967 నాటి వాళ్ల 50 సీసీ రెండు సిలిండర్ల ఆర్‌కే67 ఇంజన్ 17,000 ఆర్‌పీఎం పైన 17 హార్స్‌పవర్ పైగా ఇచ్చింది. పవర్ దొరికే మేర ఎంత సన్నగా ఉండేదంటే దానికి 14 గేర్లు పెట్టాల్సి వచ్చింది. గుప్పెడంత సిలిండర్‌కు 14 గేర్లు! తలచుకున్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. చివరికి 1969 నుంచి 50 సీసీ తరగతిలో ఒక సిలిండర్, ఆరు గేర్లే ఉండాలని నిబంధన పెట్టారు. కొట్టేసిన కొలతలతో తొలి రేసు గెలవచ్చేమో. లీటరుకు 200 నుంచి 350కి వెళ్లాలంటే ఆ కొలతలు ఎందుకు అలా ఉన్నాయో తెలియాలి.

నమ్మకాలు ఎంత మొండివో చూపించడానికి క్రాంక్‌కేస్ కథ ఒకటి చాలు. క్రాంక్‌కేస్ లోపలి ఖాళీ ఎంత తక్కువగా ఉంటే మిశ్రమం అంత బలంగా పైకి తన్నుకొస్తుందని చాలాకాలం అందరూ నమ్మారు. క్రాంక్ చుట్టూ ఖాళీలు పూడ్చడం, పిస్టన్ లోపల ముక్కలు బిగించడం, ఇలా క్రాంక్‌కేస్ కంప్రెషన్ నిష్పత్తిని 1.5 దాకా, ఆ పైకీ తీసుకెళ్లేవారు. పైపు బలహీనంగా ఉన్న రోజుల్లో అందులో అర్థముంది. పైపే లాగడం మొదలుపెట్టాక సంగతి మారింది. లాగుతున్నప్పుడు అందుబాటులో ఎక్కువ మిశ్రమం ఉండాలి కాబట్టి పెద్ద క్రాంక్‌కేస్ మేలు. నిష్పత్తి 1.3 చుట్టుపక్కలకు దిగాక పవర్ పెరిగింది. ఈ మార్పును చివరిదాకా పట్టుకెళ్లినవాళ్లలో యాన్ టీల్ ఒకరు. నెదర్లాండ్స్‌లో సొంతంగా 50 సీసీ జామతీ రేసర్లు కట్టడంతో మొదలుపెట్టి, బుల్టాకో, గారెల్లీ కంపెనీల మీదుగా అప్రీలియాకు చేరిన మనిషి. డిస్క్ వాల్వ్‌ను సిలిండర్ వెనక్కి మార్చి కట్టిన అప్రీలియా ఆర్‌ఎస్ఏ 125 ఇంజన్ 13,000 ఆర్‌పీఎం దగ్గర 50 హార్స్‌పవర్ దాటింది. లీటరుకు 400 పైన. కాడెన్ చేరిన చోటుకు రెట్టింపు, అదే 125 సీసీ, అవే మూడు ప్రధాన కదిలే భాగాలు: పిస్టన్, రాడ్, క్రాంక్. డైనో (ఇంజన్ పవర్ కొలిచే యంత్రం) మీద ఏళ్ల తరబడి ఒక్కొక్క మార్పునే చేసి చూసుకుంటూ పోతే వచ్చిన ఫలితం అది.

ఇప్పుడు అవతలి వాదనలో ఉన్న నిజం. లెక్క అన్నీ చెప్పదు. బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో గోర్డన్ బ్లెయిర్, ఆయన బృందం దశాబ్దాల పాటు చేసిన పని వల్ల పైపుల్లో, పోర్టుల్లో గ్యాస్ కదలికను కంప్యూటర్‌లో నడిపించి చూడటం సాధ్యమైంది. ఇప్పుడు అలాంటి సిమ్యులేషన్ ప్రోగ్రామ్‌లు ఇంట్లో కంప్యూటర్ మీద నడుస్తాయి. కానీ వాటిలో చాలావరకు గ్యాస్‌ను ఒకే దిశలో, గొట్టం వెంట పోయేదిగా చూస్తాయి. సిలిండర్ లోపల గ్యాస్ అలా పోదు. జర్మన్ ఇంజనీర్ ఆడోల్ఫ్ ష్న్యూర్లే 1920లలో చూపిన దారి ఇప్పటికీ ఆధారం: ట్రాన్స్‌ఫర్ ధారలు ఎగ్జాస్ట్‌కు ఎదురు గోడ వైపు కలిసి, ఆ గోడ వెంట పైకి లేచి, హెడ్ కింద మలుపు తిరిగి కాలిన గ్యాస్‌ను ముందుకు తోయాలి. ఆ ధార రెండు డిగ్రీలు పక్కకు తిరిగితే కొత్త మిశ్రమం నేరుగా ఎగ్జాస్ట్‌లోకి జారిపోతుంది. టైమ్-ఏరియా సంఖ్యలు మాత్రం చెక్కు చెదరవు. రెండు సిలిండర్లు కాగితం మీద ఒకేలా ఉండి, డైనో మీద వేరుగా రావడానికి ఇదొక పెద్ద కారణం.

దీనికీ చేత్తో తడమడం కన్నా మంచి ఉపాయం ఉంది. డ్రెస్డెన్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ యాంటె ఒక పరీక్ష చెప్పాడు. హెడ్ తీసేసి, పిస్టన్‌ను అడుగున ఆపి, క్రాంక్‌కేస్ వైపు నుంచి గాలి ఊది, సిలిండర్ పై నోటి దగ్గర ఎక్కడ ఎంత వేగంగా గాలి పైకి వస్తోందో సన్న గొట్టాల వరసతో కొలవాలి. వెనక గోడ పక్క బలమైన ధార చక్కగా ఒకేచోట లేస్తే మంచిది. నాలుకలా సిలిండర్ నడిమికి సాగి వస్తే తేడా ఉన్నట్టు. ఒక బ్లోయర్, కొన్ని సన్న గొట్టాలు, నీళ్లు పోసిన యు-ట్యూబులు ఉంటే ఎవరైనా కట్టుకోవచ్చు. దీన్ని కట్టుకున్నవాళ్లు ఇంత తక్కువగా ఎందుకున్నారో నాకు అర్థం కాదు. గ్రైండర్లు ఉన్న ప్రతిచోటా ఇది ఉండాలి.

డిటోనేషన్, అంటే స్పార్క్ మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలడం, ఇంకో సంగతి. దాన్ని ముందుగా కచ్చితంగా లెక్క కట్టడం కష్టం. హెడ్ అంచుకూ పిస్టన్‌కూ మధ్య స్క్విష్ సందు 0.7 మి.మీ. అటూ ఇటూ పెట్టుకుని, కంప్రెషన్ పెంచుకుంటూ పోతే ఒకచోట పిస్టన్ అంచున ఇసుక చల్లినట్టు చిన్న చిన్న గుంటలు మొదలవుతాయి. స్పార్క్ ప్లగ్ పింగాణీ మీద నల్ల చుక్కలు కనిపిస్తాయి. భూతద్దం పట్టి వాటిని చదవడం అనుభవం నేర్పే విద్యే. అక్కడ పాత ట్యూనర్ల కంటికి నేను తలవంచుతాను. అనుభవం విలువ గుర్తును చదవడంలో ఉంది. గుర్తే లేనిచోట ఊహించడం అనుభవం పని కాదు.

ఇంత పట్టుదల దేనికి, ఈ ఇంజన్ల కాలం అయిపోయిందిగా అనేవాళ్లున్నారు. అయిపోయిన తీరు గుర్తు చేస్తాను. 1979లో హోండా కోలగా సాగిన పిస్టన్లు, నాలుగు సిలిండర్లకు 32 వాల్వులతో ఎన్‌ఆర్500 అనే ఫోర్-స్ట్రోక్ కట్టి, సమానమైన 500 సీసీలో టూ-స్ట్రోక్‌లను ఓడించాలని చూసింది. అద్భుతమైన ఇంజనీరింగ్. ఒక్క గ్రాండ్ ప్రి కూడా గెలవలేదు. 1982లో అదే హోండా మూడు సిలిండర్ల టూ-స్ట్రోక్ తెచ్చింది, 1983లో ఫ్రెడీ స్పెన్సర్ దాని మీద చాంపియన్ అయ్యాడు. 2002లో 500 సీసీ టూ-స్ట్రోక్‌ల పక్కన 990 సీసీ ఫోర్-స్ట్రోక్‌లను అనుమతించారు. 250 తరగతి 2009తో ముగిసింది, 125 తరగతి 2011తో. దాని స్థానంలో వచ్చిన ఫోర్-స్ట్రోక్ ఇంజన్ 250 సీసీ, సరిగ్గా రెట్టింపు. పొగ విషయంలో మాత్రం టూ-స్ట్రోక్ మీద ఆరోపణ న్యాయమైనదే. కాలని పెట్రోల్ ఎగ్జాస్ట్‌లోకి జారిపోవడం దాని పుట్టుకలోనే ఉన్న లోపం, దాన్ని దాచి వాదించడం నాకిష్టం లేదు.

నా బెంగ వేరే. 2011 తరవాత గ్రాండ్ ప్రి స్థాయి డబ్బుతో చిన్న రేసింగ్ టూ-స్ట్రోక్ మీద పరిశోధన ఆగిపోయింది. కార్టింగ్‌లో, మోటోక్రాస్‌లో, స్నోమొబైల్స్‌లో పని సాగుతోంది కానీ, వాటి అవసరాలూ హద్దులూ వేరు. 125 గ్రాండ్ ప్రి ఇంజన్ ఆగిన చోటు నుంచి ముందుకు తీసుకెళ్లగలిగేది ఇప్పుడు షెడ్లలో పనిచేసే ఉత్సాహవంతులే. ఒకప్పుడు ఒక ట్యూనర్ తన కొలతలు దాచుకుంటే నష్టం ఆయన చుట్టుపక్కలకే. వెనక కంపెనీలు ఉండేవి, జ్ఞానం ఏదో దారిన పెరిగేది. ఇప్పుడు దాచుకున్న నోట్‌బుక్ ఆ మనిషితో పాటే పోతుంది. తరవాతివాళ్లు మళ్లీ మందపాటి గ్యాస్కెట్‌తో మొదలుపెడతారు.

అందుకే పవర్ అంకె ఒక్కటే చెప్పేవాళ్ల మాట నేను పట్టించుకోవడం మానేశాను. "28 హార్స్‌పవర్ వచ్చింది" అంటే నాకు ఏమీ తెలియదు. పోర్టులు తెరుచుకునే డిగ్రీలు, వాటి వెడల్పులు, స్క్విష్ సందు, కంప్రెషన్, పైపులో ప్రతి కోన్ పొడవూ వ్యాసాలూ, ఇగ్నిషన్ గీత, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత, ఆ రోజు గాలి వేడి. ఇవి కూడా చెప్తే ఆ 28 నాకూ పనికొస్తుంది, ఇంకొకరికీ పనికొస్తుంది. పెంచబోయి తగ్గిన పవర్ సంగతి కూడా అంతే వివరంగా చెప్పాలి. ట్రాన్స్‌ఫర్ ఎత్తితే రెండు హార్స్‌పవర్ పడిపోయిందని ఒకరు కొలతలతో రాస్తే, దాని విలువ ఒకరి రికార్డు కన్నా తక్కువేమీ కాదు.

తెరిచే ఉన్న పెద్ద ప్రశ్న ఇంధనానిది. పెట్రోల్ జారిపోకుండా ఎగ్జాస్ట్ మూసుకున్నాకే సిలిండర్‌లోకి నేరుగా చల్లితే బాగుంటుందని అందరికీ తడుతుంది. 13,000 దగ్గర లెక్క వేయండి. పైకొస్తూ పిస్టన్ ఎగ్జాస్ట్‌ను 82 డిగ్రీల ముందు మూస్తుంది, స్పార్క్ 15 డిగ్రీల ముందు పడుతుంది. మధ్యలో 67 డిగ్రీలు, అంటే 0.86 మిల్లీసెకన్లు. పెట్రోల్ చల్లడం, ఆవిరవడం, గాలిలో కలవడం అన్నీ అందులోనే. 1997లో బిమోటా కంపెనీ వీడ్యూ అనే 500 సీసీ రోడ్ బండిలో నేరు ఇంజెక్షన్ పెట్టి ఇబ్బందుల పాలైంది, తరవాత వచ్చిన మోడల్‌కు కార్బురేటర్లే దిక్కయ్యాయి. 2017లో కేటీఎం ట్రాన్స్‌ఫర్ దారుల్లో ఇంజెక్టర్లు పెట్టి ఎండ్యూరో బండ్లు తెచ్చింది. రేసింగ్‌కు నాకు ఆశ కనిపించేది ఈ రెండో దారిలోనే. ముందు ఉత్త గాలి ఊడ్చుకుపోవాలి, పెట్రోల్ కలిసిన భాగం వెనక రావాలి. 13,000 దగ్గర ట్రాన్స్‌ఫర్ తెరిచి ఉండే 1.67 మిల్లీసెకన్లలో రెండో సగానికే పెట్రోల్ చేరేలా ఇంజెక్టర్‌ను ఎన్ని డిగ్రీల ముందు తెరవాలి, అలా చేసినప్పుడు పిస్టన్‌ను చల్లబరిచే తడి తగ్గి డిటోనేషన్ ఎంత ముందుకొస్తుంది, పైపు ఉష్ణోగ్రత ఎటు పోతుంది? ఇంజెక్టర్ బిగించి డైనో ఎక్కించినవాళ్లు ఎవరైనా ఉంటే, తెరిచే డిగ్రీ, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత, ప్లగ్ ఫొటో, ఈ మూడూ కలిపి చెప్పండి. పవర్ ఎంత వచ్చిందన్నది ఆ తరవాత చూద్దాం.